ముందు ఆయనకి

పాస్టరు భార్య అబద్ధమాడిందంటే మా సంఘంలో ఎవరూ నమ్మరు. అందుకే నా అబద్ధం పన్నెండేళ్లు నిక్షేపంగా బతికింది. ఒక ఇంటి గోడకెక్కింది, అద్దం కట్టించుకుంది. దాని కింద ఒక మనిషి రోజూ మోకాళ్లూని ప్రార్థన చేసుకుంది. ఆ మనిషి ఆదెమ్మ. ఆమె గురించి రాద్దామని కూర్చుంటే, ఎటు తిప్పి మొదలుపెట్టినా నా తప్పు దగ్గరికే వస్తున్నాను.

నా పేరు ఫెబీ. పుట్టింది కావలిలో. పెళ్లయిన నెలకు మా ఆయన జాషువాకు దొనకొండ అవతల ఒక మెట్ట పల్లెలో సంఘం అప్పగించారు. కందిచేలు, రాళ్లు, ఎండ. బస్సు దిగగానే నేనడిగింది నీళ్ల సంగతి. ట్యాంకరు రేపొస్తుందని చెప్పారు. దేవుడు పిలిచాడు కాబట్టి వచ్చామని మా ఆయనంటే, పిలిచింది మిమ్మల్ని, నన్నెవరు పిలిచారని అడిగాను. మర్నాడు ట్యాంకరు దగ్గర నా కొత్త స్టీలు బిందెను పది మోచేతులు వెనక్కి నెట్టేస్తుంటే ఒక గొంతు లేచింది.

"జరగండే. కొత్తమ్మ ముందు పట్టుకుంటాది."

అందరూ జరిగారు. ఆ గొంతుకు ఊరంతా జరిగేది. పొడుగ్గా, చామనఛాయలో, కొంగు బొడ్లో దోపుకుని, ఒక కాలు ట్యాంకరు చక్రం మీద పెట్టి నిలబడి ఉంది ఆదెమ్మ. నాకంటే నాలుగైదేళ్లు పెద్దది. ఆ రోజు నుంచి నాకు అక్క అయింది. నేను మాత్రం ఆమెకు ఎప్పటికీ అమ్మగారినే. ఎంత చెప్పినా మార్చుకోలేదు.

రామయ్యగారి కందిచేలో కూలికి పోయేది. సంక్రాంతి దాటాక అందరితోపాటు పల్నాడు వైపు మిరపకోతలకు వెళ్లేది. కూలీలను పొద్దుగూకాక కూడా చేలో నిలబెడితే ఊరుకునేది కాదు, రామయ్యగారయినా సరే, మేస్త్రీ అయినా సరే, నోరు చేసేది. ఆమె వస్తే తాను చేలోకి పోనని రామయ్యగారే నవ్వుతూ చెప్పేవాడు. ఆ నోరు చూసుకునే ఆమె బతికింది. ఆ నోరే ఆమె కొంప ముంచిందని కూడా ఊళ్లో అంటారు, ఆమే అంటుంది.

భర్త రాజరత్నం బోరు లారీ మీద పనిచేసేవాడు. ఛత్తీస్‌గఢ్ అని, ఒరిస్సా అని, లారీ ఎక్కడికి పోతే అక్కడికి పోయేవాడు. ఊరూరా భూమికి చిల్లులు పెట్టి నీళ్లు తీసే పని. రెండు మూడు నెలలకొకసారి ఇంటికొచ్చేవాడు. మాట తక్కువ. నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకునేవాడు. చర్చిలో చివరి వరసలో గోడకానుకుని కూర్చునేవాడు. ఇంట్లో తల్లి వెంకాయమ్మ, నాలుగేళ్ల కూతురు వందన.

నేను ఆ ఊరొచ్చిన రెండో క్రిస్మస్‌కు అతనొచ్చాడు. పండుగ అయిన మూడోనాడు అన్నం ముందు కూర్చున్నాడు. అంతకుముందు రెండు రోజులు ట్యాంకరు రాలేదు. ఉన్న ఒక్క బిందె తీసుకుని ఆదెమ్మ రెండు మైళ్లు తిరిగి ఉత్త బిందెతోనే వచ్చింది. వచ్చేసరికి మొగుడు తాగడానికి నీళ్లడిగాడు. అప్పుడు ఆమె అన్న మాట నాకు ఆమే చెప్పింది, ఒకసారి కాదు, పదిసార్లు చెప్పింది.

"దేశంలో అందరికీ నీళ్లు పోసేటోడివి. పెళ్లానికి బిందెడు నీళ్లు పొయ్యలేకపోతివి. నువ్వు వచ్చినా ఒకటే, రాకపోయినా ఒకటే."

అతను సగం అన్నం వదిలేసి లేచాడు. చెయ్యి కడుక్కోవడానికి నీళ్లు లేవు. తువ్వాలుకు తుడుచుకున్నాడు. సంచి తగిలించుకుని బస్సుకు పోయాడు. వానాకాలం దాకా అప్పుడప్పుడూ ఫోను చేసేవాడు, అదీ తల్లికి. తర్వాత ఆ నంబరు పలకడం మానేసింది. లారీ యజమాని బండి అమ్మేశాడని, పనివాళ్లు ఎటు వాళ్లు అటు పోయారని తెలిసింది. రాయపూర్‌లో చూశామని ఒకరన్నారు. అక్కడ ఇంకో సంసారం పెట్టాడని ఒకరన్నారు. కళ్లతో చూసినవాళ్లు ఎవరూ లేరు.

మా సంఘాల్లో కొత్త సంవత్సరం మొదటి ఆరాధనలో వాగ్దానాలు పంచుతారు. అరచేతిలో పట్టే రంగు కార్డులు. ఒక పక్క పువ్వో కొండో, ఇంకో పక్క ఒక వాక్యం. వాక్యం కనబడకుండా పళ్లెంలో బోర్లా పేరుస్తారు. ఎవరి చేతికి ఏది వస్తే ఆ ఏడాది దేవుడు వాళ్లతో చెప్పిన మాట అదే. ఊళ్లో లేనివాళ్లకు ఇంటి ఆడవాళ్లు తీస్తారు. మా ఆయనకు ఈ పద్ధతి మీద అంత మోజు లేదు కానీ మానేస్తానంటే ఆయన్నే మానేస్తారని తెలుసు. ఒక ఏడాది డెబ్బై ఏళ్ల వెంకాయమ్మకు, గొడ్రాలు పిల్లల తల్లి అవుతుందన్న మాట వచ్చింది. చర్చి అంతా నవ్వింది. ఆవిడ మాత్రం నవ్వలేదు. వయసు సంగతి దేవుడికి తెలీదా ఏంది అని కార్డు కొంగున ముడేసుకుంది.

రాజరత్నం ఇల్లు వదిలి ఏడాది దాటింది. జనవరి ఒకటో తారీకు పొద్దున చర్చి వెనక ప్రేమవిందుకు వంట జరుగుతోంది. కూర ఆదెమ్మది. కార్డులు పంచుతున్నారని ఎవరో చెప్తే, మాంసానికి ఉప్పు పసుపు పట్టిస్తున్నదల్లా పొయ్యి దగ్గర్నుంచి అలాగే పరిగెత్తుకొచ్చింది. ఆడవాళ్ల వైపు నేను నిలబడ్డాను, ఒక చేతిలో పళ్లెం, చంకలో ఏడుస్తున్న ఆర్నెల్ల మా పాప.

"ముందు ఆయనకి" అని ఒకటి తీసింది. కళ్లు మూసుకుని ఏదో గొణుక్కుంది. తర్వాత చెయ్యి కొంగుకు బాగా తుడుచుకుని ఇంకోటి తీసింది. రెండూ నాకిచ్చి ఏది ఎవరిదో చూపించింది. ఆమెకు చదువు రాదు. పళ్లెం పక్కావిడకు ఇచ్చి, వెలుతురు చాలక కిటికీ వైపు తిరిగాను.

రాజరత్నానికి వచ్చిన కార్డులో, నీ బలహీనతలో నా కృప నీకు చాలు అన్న అర్థమొచ్చే మాట ఉంది. ఆదెమ్మకు వచ్చినదాంట్లో, నువ్వు పోయిన చోటల్లా తోడుండి నిన్ను మళ్లీ ఇక్కడికి తీసుకొస్తానని ఉంది.

తల తిప్పి చూశాను. ఆమె నా నోటి వంకే చూస్తోంది. ఏడాదిగా సరిగ్గా తిని ఎరగని మొహం. ఎక్కడికీ పోని మనిషికి తిరిగి తీసుకొస్తానన్న మాట దేనికి? అది పోయినవాడికి కదా రావాల్సింది. దేవుడే పొరపాటున అటుది ఇటు ఇచ్చాడనిపించింది. నిజంగా అలాగే అనిపించింది. నేను సర్దేస్తే పోలా అనుకున్నాను. చూడండి నా పొగరు. కార్డులు చేతిలో మార్చేసి, తిరిగి తీసుకొస్తానన్న మాట రాజరత్నానిదని, కృప మాట నీదని గట్టిగా చదివి ఇచ్చాను. చుట్టూ ఉన్న ఆడవాళ్లు స్తోత్రం అన్నారు.

ఆమె పొంగిపోతుందనుకున్నాను. రెండు కార్డులూ పట్టుకుని కాసేపు చూసింది. తర్వాత నా మొహం చూసింది. మంచిదమ్మా అని చెప్పి పొయ్యి దగ్గరికి పోయింది.

రాజరత్నాన్ని తిరిగి తీసుకొస్తానని దేవుడు మాటిచ్చాడన్న సంగతి సాయంత్రానికి ఊరంతా పాకింది. ఆదెమ్మ ఆ కార్డును ఇంట్లో భర్త ఫోటో పక్కన గోడకు అంటించింది. కృప కార్డు ఎక్కడ పెట్టిందో నేను చూడలేదు, అడగలేదు. ఆ వారం నాకు సంతోషంగానే ఉంది. తర్వాత్తర్వాత ఆ ఇంటికి పోతే గోడ వైపు చూడకుండా కూర్చోవడం అలవాటు చేసుకున్నాను.

ఆ మార్చిలో ఒకరోజు ఆదెమ్మ ట్యాంకరు దగ్గర కనబడలేదు. ఆమె లేకపోతే అక్కడ లైనుండదు, కొట్లాటే. మిరపకోతల నుంచి అందరికంటే ముందే తిరిగొచ్చిన మనిషి, పొద్దున్నే ఎటు పోయిందో ఎవరికీ తెలియదు. ఇంటికెళ్తే గోడ మీద కార్డు లేదు. అమ్మ తీసిందని వందన చెప్పింది. దుమ్ము దులపడానికి తీసి ఉంటుందనుకున్నాను. దీపాలు పెట్టే వేళకు మోకాళ్ల దాకా దుమ్ముతో నడుచుకుంటూ వచ్చింది. ఎక్కడికి పోయావక్కా అంటే, దొనకొండ పోయొచ్చినా అంది. అంతే. వారం తిరక్కుండా ఆ కార్డుకు అద్దం కట్టించి మళ్లీ గోడకు తగిలించింది. విశ్వాసమంటే ఇదీ అని మా ఆయన ప్రసంగంలో ఆమె పేరు చెప్పాడు. నేను తల వంచుకుని పాప గౌను సవరించాను.

ఆ ఇంట్లో ఇంకొకటి ఉండేది. అన్నం తినే చోట, గోడ వారన, నిండా నీళ్లతో ఒక ఇత్తడి చెంబు. ఒకరోజు దాహమేసి దాని మీద చెయ్యి వేశాను. వందన గబుక్కున వచ్చి, అది నాయనది అని నా చెయ్యి పట్టుకుంది. ట్యాంకరు రాని రోజుల్లో, తాగడానికి గ్లాసెడు లేని రోజుల్లో కూడా ఆ చెంబు నిండి ఉండేది. పొద్దున్నే ఆ నీళ్లు వంటకు వాడుకుని కొత్తవి నింపేది. పారబోసేది మాత్రం కాదు, పిచ్చిదేం కాదు ఆదెమ్మ.

ఆమె మారింది మార్చి తర్వాతే. గొంతు తగ్గింది. మొదట్లో మనిషి కుంగిపోయిందేమోనని భయపడ్డాను. కుంగిపోలేదు. కూలీల కోసం, నీళ్ల కోసం అరవాల్సిన చోట అరిచేది. మనిషిని పట్టుకుని అనడం మానేసింది. ఎవరింట్లో మొగుడూ పెళ్లాలు తగువుపడినా, ఆడమనిషిని పక్కకు పిలిచి చెవిలో ఏదో చెప్పేది. ఏం చెప్పేదో నాకు తెలుసు. తువ్వాలు సంగతి చెప్పేది. జ్వరమొచ్చిన వాళ్లింటికి బిందె మోసేది. బుధవారం ఆడవాళ్ల కూడికలో మొదట ఒక మూల కూర్చునే మనిషి, నాలుగేళ్లకు తానే నడిపించసాగింది. చదవలేదు కాబట్టి వందన చదివేది, ఆమె మాట్లాడేది. నా ప్రసంగాలకు కునికిపాట్లు పడే ముసలమ్మలు ఆమె మాట్లాడుతుంటే కళ్లొత్తుకునేవాళ్లు. కొంచెం అసూయ కూడా పడ్డాను, ఎందుకు దాచాలి.

అన్నిటికంటే కష్టం వెంకాయమ్మ. జారిపడి తుంటి విరిగి ఐదేళ్లు మంచంలో ఉంది. ఎత్తడం, దించడం, కడగడం, తినిపించడం, అన్నీ కోడలే. ఆ ఐదేళ్లూ ముసలావిడ రోజుకు ఒకసారైనా, నీ నోటి దురుసుకే నా కొడుకు దేశాలు పట్టిపోయినాడు అనేది. ఒకరోజు నా ఎదుటే అంది. నేను ఉండబట్టలేక పెద్దావిడని కూడా చూడకుండా గట్టిగా మాట్లాడాను. ఆదెమ్మ నన్ను బయటికి తీసుకొచ్చింది.

"అననీ అమ్మగారూ. నేనాయన్ని అన్నప్పుడు ఎట్లుండిందో నాకిప్పుడు తెలుస్తాంది. తెలియాల గదా."

వెంకాయమ్మ పోయే ముందు నెల రోజులు ఇంకెవరి చేత్తో పెట్టినా తినలేదు. ఆదెమ్మ రావాల్సిందే. చివర్లో మనుషుల్ని పోల్చుకోలేక కోడల్ని అమ్మా అని పిలిచేది. ఆ పిలుపు గురించి చెప్పినప్పుడు మాత్రం ఆదెమ్మ నా ముందు ఏడ్చింది.

ఇవన్నీ చూసి నేను మెచ్చుకుంటూ ఉండిపోయేదాన్నే, మధ్యలో ఒక పెళ్లి సంబంధం రాకపోతే. రాజరత్నం పోయిన ఐదో ఏట కంభం నుంచి ఆమె అన్న వచ్చాడు. భార్య చనిపోయిన ఒక మంచి మనిషి ఉన్నాడని, వందనను సొంత బిడ్డలా చూస్తాడని, ఇంకెన్నాళ్లు ఇలాగని బతిమాలాడు. మా ఆయన దగ్గరికి కూడా ఆ మాట తీసుకొచ్చాడు. ఆదెమ్మ వద్దంది. దేవుడు మాటిచ్చినాక ఆమె ఎట్లా చేసుకుంటుందని ఊరు ఊరంతా ఆమె తరఫున చెప్పింది. ఆమె మాత్రం కారణం చెప్పలేదు. కొన్నాళ్లకు రేషన్ కార్డులో రాజరత్నం పేరు తీసేయిద్దామన్నా ఒప్పుకోలేదు. అప్పుడు నేను చేసిందేంటో నాకు అర్థమైంది. ముప్పై మూడేళ్ల మనిషి. ఆమె కాళ్లకు తాడు కట్టింది నేను. దేవుడు అనని మాటను దేవుడి పేరు మీద అన్నాను. ఆమె దాన్ని పట్టుకుని బతుకంతా కూర్చుంది.

మా ఆయనకు చెప్పాను. చెప్పాల్సింది నాకు కాదు కదా అన్నాడాయన. అది నాకూ తెలుసు. తెలిసీ ప్రతి జనవరికీ పళ్లెం పట్టుకుని నిలబడ్డాను. ప్రతి జనవరికీ ఆమె, ముందు ఆయనకి అని ఒకటి తీసేది. ఆ తర్వాత ఏళ్లలో వచ్చినవి వచ్చినట్టే చదివాను, ఒక్కటీ మార్చలేదు. కొత్త కార్డులు వచ్చేవి, పోయేవి. గోడ మీద అద్దంలోది మాత్రం కదల్లేదు. నిజం చెప్తే ఆమె నిలబడగలదా అని నాకు నేను సాకు చెప్పుకునేదాన్ని. అసలు భయం, ఆమె ఇక నా మొహం చూడదేమోనని. ఆ ఊళ్లో నాకున్న ఒక్క స్నేహితురాలు ఆమె.

నిరుడు మే నెలలో మా ఆయనకు గిద్దలూరు బదిలీ అయింది. సామాను సర్దుతున్నాను కానీ చెయ్యి ఆడటం లేదు. చెప్పకుండా పోతే ఆ అబద్ధాన్ని ఆ గోడ మీద శాశ్వతంగా వదిలేసి పోయినట్టే. ఒక మధ్యాహ్నం బయల్దేరి వెళ్లాను.

వందన మార్కాపురంలో నర్సు పనిలో ఉంది. ఆదెమ్మ ఒక్కతే వసారాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. ఎదురుగా కూర్చున్నాను. ఇంటి దగ్గర నుంచి వల్లె వేసుకుంటూ వచ్చిందంతా ఒక్క ఊపున చెప్పేశాను. కార్డులు మార్చానని, తిరిగి తీసుకొస్తానన్నది రాజరత్నానికి రాలేదని, నీకొచ్చిందని, నీ బతుకును నేనే కట్టేశానని. చెప్పి ఆమె చేతుల వంక చూస్తూ కూర్చున్నాను. ఆ చేతులు ఆగలేదు. ఇంకో రెండు గింజలు తీశాయి.

"నాకు తెలుసు అమ్మగారూ" అంది.

లేచి చేతులు కడుక్కుని లోపలికి పోయి ఒక రేకు డబ్బా తెచ్చింది. అందులోంచి పాత కార్డు ఒకటి తీసి నా ఒళ్లో పెట్టింది. కృప మాట ఉన్న కార్డు. దాని మూల మీద, గోధుమ రంగుకు తిరిగిన ఒక బొటనవేలి గుర్తు.

"ఇది ఆయనది. ఆ పొద్దు కూరకు పసుపు పట్టిస్తా వచ్చినా గదా. ముందు ఆయనకి తీసినా, పసుపంటింది. దేవుడి మాటకు మరకజేస్తినే అని బయపడి, చెయ్యి తుడుచుకొని నాది తీసినా. మీరు కిటికీ కాడికి పోయి తిరిగొచ్చి, మరక ఉండేదేమో నాదన్నారు, లేనిదేమో ఆయనదన్నారు. చదువు రాకపోతే ఏంది, నా వేలు నాకు తెలీదా."

అప్పుడే ఎందుకు అడగలేదక్కా అన్నాను.

"మీ మొహం చూసినా. నాకంటే మీకే ఏడుపొస్తా ఉండాది. అంత మందిలో నా కోసం అట్ల ఏడ్చేటోళ్లు ఎవురుండారు నాకు."

మరి అది నీదని తెలిసి కూడా ఆ కార్డును ఆయన ఫోటో పక్కన ఎందుకు పెట్టుకున్నావని అడిగాను. నా ఇంటి గోడ, నా కార్డు, నా మొగుడి ఫోటో, పెట్టుకుంటే తప్పేందమ్మా అని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, ఆ మార్చి సంగతి చెప్పింది. అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదట.

మిరపచేలో ఎవరో, రాజరత్నాన్ని మరిచిపో అన్నారట. ఆ మాటకు కోత వదిలేసి ఇంటికొచ్చింది. మర్నాడు పొద్దున్నే నిద్రపోతున్న పిల్లను అత్త పక్కలోకి జరిపి, రెండు కార్డులూ సంచిలో పెట్టుకుని దొనకొండ స్టేషన్‌కు నడిచింది. అతన్ని వెతుక్కుంటూ పోదామని, దొరక్కపోతే ఇక ఈ ఊరికి, ఈ మాటలకు తిరిగి రాకూడదని. అటు గుంటూరు పోయే బండి వచ్చింది. ఇటు నంద్యాల పోయే బండి వచ్చింది. రెండూ పోయాయి. అతనున్న చోటికి ఏ పక్క బండి ఎక్కాలో తెలియలేదు. బెంచీ మీద కూర్చుని కార్డులు బయటికి తీసి చూసుకుంది.

"అప్పుడు అర్థమయింది అమ్మగారూ. తిరిగి తీసుకొస్తానని చెప్పింది ఆయన గురించి గాదు. ఆయనెప్పుడో పోయినాడు. ఆ పొద్దు పోతాండేది నేను గదా."



ఇంకో మాట కూడా చెప్పింది. నేను ఉన్నదున్నట్టు చదివి ఉంటే, నువ్వు యాడికి పోతివే నీకు తిరిగొచ్చే వాగ్దానం అని అందరూ నవ్వేవాళ్లట, వెంకాయమ్మను నవ్వినట్టు. తానూ నవ్వి మరిచిపోయేదట. నేను తీసుకెళ్లి ఆయనకు ఇచ్చేసరికి, నాది నాది అని లోలోపల గుంజుకుని దాచుకుందట. అది విని నా తప్పు తప్పు కాకుండా పోయిందని నేను అనుకోలేదు. దేవుడు నా తప్పు లోంచి కూడా ఆమె దగ్గరికి దారి చేసుకున్నాడని మాత్రం అనుకున్నాను. ఆ రెండింటికీ తేడా ఉంది.

నా గుండెల మీద బరువై ఉన్న అసలు సంగతి అడిగాను. ఆ సంబంధం వద్దన్నది కార్డు వల్ల కాదా అని.

"దేవుడి మీద ఎందుకు పెడతా. ఆయన మీద మనసు చావక వద్దన్నా. ఇప్పటికీ చావలా. అన్నం కాడ కూచుంటే ఆయన చెయ్యి తువ్వాలకు తుడుచుకునేదే కనపడతాది. ఒక్కసారి వచ్చి చెయ్యి కడుక్కొని పోతే చాలు. ఉండమని గూడా అడగను."

ఆయన కార్డు నా ఒళ్లోంచి తీసుకుని, పసుపు మరక మీద తన బొటనవేలు ఆనించి చూసుకుంది. ఆయన ఎక్కడున్నా ఇదన్నా ఆయనకు చాలాలని రోజూ అడుగుతున్నానంది. డబ్బా మూత పెట్టేసి, గిద్దలూరులో నీళ్లెట్లుంటాయో కనుక్కున్నారా అని నన్నడిగింది.

గిద్దలూరొచ్చి ఎనిమిది నెలలైంది. ఇక్కడ కుళాయి ఉంది, రోజు విడిచి రోజు వస్తుంది. కుళాయి దగ్గర నిలబడితే, జరగండే అన్న ఆ గొంతు వినబడదేమని అనిపిస్తుంది. మంచివాళ్లే అందరూ. నాకు ఆదెమ్మ కావాలి, అంతే.

మొన్న జనవరి ఒకటిన ఆరాధన అయ్యాక ఆదెమ్మ ఫోను చేసింది. అక్కడికొచ్చిన కొత్త పాస్టరుగారు కార్డులు మానేశారట. వాక్యమంతా మనదే, ఒక ముక్క ఏరుకోవడమేంటి అన్నారట. ఆయన చెప్పింది న్యాయమే అమ్మగారూ, కానీ నాకు అలవాటయిపోయింది, మీ పళ్లెంలో మాకు తియ్యండి అంది.

"ముందు ఆయనకి."

నా చేతులు శుభ్రంగానే ఉన్నాయి. అయినా కొంగుకు తుడుచుకుని ఒకటి తీశాను. ఎండిన నేలలో నీటి ఊటలు పుట్టిస్తానన్న మాట వచ్చింది. వచ్చింది వచ్చినట్టు చదివాను. ఆమె ఫోన్లో చాలాసేపు నవ్వింది. ఆయన పనే ఆయనకు వచ్చిందే అంది. తర్వాత, ఆయనకు ఈ ఏటికి యాభై నిండుతాయని, ఆ లారీ మీద ఇంకా పనిచేయగలడో లేదోనని నెమ్మదిగా అంది. నేను ఇంకో కార్డు తీశాను. చదవబోతుంటే ఆపింది.

"నాది చదవద్దు. బోర్లా పెట్టి ఉంచండి. నేనే వస్తా. దొనకొండలో ఎక్కితే మీ గిద్దలూరే గదా. ఈ తడవ ఏ పక్క బండెక్కాలో నాకు తెలుసు. సాయంత్రం బండికి మళ్లా పంపించాల మీరు. చెంబు నింపాల నేను."